తాళాలు నా దగ్గరే ఉంటాయి

ఇదివరకు ఇది పాత ఆన్సర్ షీట్ల గది.
మూటలు, సుతిలి తాడు, ఎలుకలు,
పాసైనవాళ్ళూ తప్పినవాళ్ళూ ఒకే దుమ్ములో.
ఒక వేసవిలో అవన్నీ లారీకెత్తి
గోడలకి సున్నం కొట్టి
గుమ్మం మీద బోర్డు బిగించారు: ఇంక్యుబేషన్ సెంటర్.

అంటే ఏటి? అని అడిగింది మా ఆవిడ.
పొదిగే గది, అన్నాను.
మరి పెట్టేదీ? అంది.
హేమసుందర్ సారు, అన్నాను.
నవ్వీ నవ్వీ అన్నం మాడబెట్టింది.

నవ్వితే నవ్వింది గానీ
సారు నిజంగా పెట్టలాగే కూర్చుంటారు.
గుడ్డుని తన ముక్కుతో పగలగొట్టరు.

మందస నుంచి ఢిల్లేశ్వరరావని ఒకడు
పనసతొనలు ఎండబెట్టే పెట్టె చేశాడు.
మూడో రోజు గదంతా పొగ.
నేను ఇసక బకెట్ తెచ్చేలోగా
సారు గడియారం చూసి,
"నలభై నిమిషాలు ఆగింది. నిన్నటికంటే పది ఎక్కువ. రాయి" అన్నారు.

ఆ రాయి అన్న మాట కోసం ఒక లావుపాటి రిజిస్టరుంది.
అట్ట హాజరుపట్టీదే,
లోపల హాజరయ్యేవి మాత్రం తప్పులు.

కుసుమది పొందూరు.
చిలకపాలెం జంక్షన్లో ఆటో దిగి
చున్నీ చెంగున మూటగట్టి తెచ్చింది
వాలుగ చేప దవడ.
వాళ్ళ పెద్దమ్మ అప్పలనరసమ్మ పత్తి ఏకేది దానితోనే.
"చేప దొరకడం కష్టమైపోతంది సార్,
దవడని మనమే పోస్తే?"
సారు బాగుందనలేదు, బాగోలేదనలేదు.
త్రీడీ మిషను మీద ముసుగు తీశారు.
పన్నెండు వేలకి కాగితం రాసి సంతకం పెట్టారు.
ఆ కాగితాన్ని ఆఫీసులో మూడు బల్లలు దాటించింది నేను.

పదకొండు దవడలు పోసింది ఆ గుంట.
రాత్రి ఎనిమిదికి తాళం వెయ్యాలి.
పదిన్నరకి వేసేవాణ్ణి.
ఆ సంగతి రిజిస్టర్లో లేదు.

పదకొండోది పట్టుకుని పొందూరెళ్ళింది.
అప్పలనరసమ్మ నాలుగుసార్లు పత్తి మీద ఆడించి
పక్కన పెట్టేసిందట.
"ఇది కొరుకుతంది తల్లీ.
చేప కొరకదు. నాకుతాది."

కుసుమ తిరిగొచ్చి
మిషను పక్కన నేల మీద కూలబడింది.
నేను టీ తెచ్చాను. చల్లారిపోయింది.
సారు ఊరడించలేదు.
"ఆవిడ ఇంకేమంది?" అన్నారు.
ఏమీ అనలేదంది.
"ఇంకేమంది?"
...
"దవడకేటి, ఇంకా చాన్నాళ్ళొస్తాది,
నా మెడే రాదు, అంది సార్."

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.
ఢిల్లేశ్వరరావు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.
కుసుమ లేచి రిజిస్టరు తెరిచి
కొత్త పేజీలో రాసింది,
మెడ.

తర్వాత నెలన్నర
దవడ మాట ఎత్తలేదెవరూ.
సోమవారాలు పొందూరు వెళ్ళడం,
ఏకేవాళ్ళ పక్కన ఊరికే కూర్చోవడం,
మోకాలికీ రాట్నానికీ మధ్య టేపు పెట్టి కొలవడం.
"నన్నేటి, పెళ్ళికి కొలతలు తీస్తన్నావా?" అని ముసలమ్మలు ఎకసెక్కాలు.
పలాస నుంచి చెక్క, రాజాం నుంచి బోల్టులు,
చివరికి జానెడెత్తు పీట ఒకటి,
వెన్నుకి ఆనేలా వంపు తిరిగిన చెక్కతో.
మొదటిది విరిగింది. రెండోది ఊగింది.
మూడోది అమ్ముడవుతుందో లేదో నాకు తెలీదు,
ఆ లెక్కలు చెప్పడానికి బ్యాంకాయన శుక్రవారం వస్తాడు.

పదకొండు దవడలూ సొరుగులోనే ఉన్నాయి.
పారెయ్యనా అని అడిగితే
సారు నా వైపు అదోలా చూశారు.

నిన్న సాయంత్రం తాళం తీసుకుని నిలబడ్డాను.
"అంకుల్, ఒకసారి కూర్చోండి" అంది కుసుమ.
కూర్చున్నాను.
ఇరవై ఆరేళ్ళుగా గుమ్మాల పక్కన
నిలబడే ఉద్యోగం నాది.
"ఎక్కడ నొప్పి?" అంది.
ఈ కాంపౌండులో ఆ మాట నన్నెవరూ అడగలేదు.
జవాబు కోసం కొంచెం వెతుక్కున్నాను.

రిజిస్టర్లో నా పేరు రాసింది,
పక్కన:
నడుం, ఎడమవైపు.